మూడుసార్లు తిరిగొచ్చిన మిక్సర్: ఒక వాల్యూమ్ నాబ్ కేసు

మా షాపు కావలిలో. మైకు సెట్లు, యాంప్లిఫైయర్లు, మిక్సర్లు రిపేరు చేయడం మొదలుపెట్టి ఇరవై రెండేళ్లయింది. కావలికి తూర్పున, సముద్రం ఒడ్డున ఉన్న ఒక పల్లె రామాలయం వాళ్ల మిక్సర్ యాంప్లిఫైయర్ ఒకే ఏడాదిలో, ఒకే కంప్లయింటుతో మూడుసార్లు నా టేబుల్ మీదికి వచ్చింది. మూడోసారి గానీ జబ్బు నాకు దొరకలేదు. మొదటి రెండుసార్లు నేను చేసింది పైపై రిపేరు. అది దాచకుండా మొత్తం రాస్తున్నాను. వాల్యూమ్ నాబ్ అరిగింది, లూజయింది, తిప్పితే గరగరమంటోంది అని వచ్చే సెట్ల దగ్గర చాలామంది మెకానిక్కులం ఇదే తప్పు చేస్తున్నాం. ఈ కేసును మొదటి నుంచి చివరిదాకా చెబితే కొత్తగా పనిలోకి వచ్చిన పిలకాయలకు పనికొస్తుందని నా నమ్మకం.

సెట్టు సంగతి ముందు చెబుతాను. 120 వాట్ల మామూలు పీఏ (జనానికి మైకులో వినిపించే) మిక్సర్ యాంప్లిఫైయర్. ముందు పలక మీద ఎనిమిది నాబులు: మైకులకు నాలుగు, పాటల ప్లేయర్‌కు ఒకటి, బాస్ ఒకటి, ట్రెబుల్ ఒకటి, చివర్లో మాస్టర్ వాల్యూమ్. గుడి మీద రెండు హారన్లు, మండపంలో రెండు కాలమ్ స్పీకర్లు, అన్నీ 100 వోల్టుల లైను మీదే, అంటే దూరంగా ఉన్న స్పీకర్లకు సౌండును ఎక్కువ వోల్టేజీతో పంపే పద్ధతి. సెట్టు కొని పన్నెండేళ్లని చెప్పారు. అంతకుముందు ఇంకో చోట ఒకటి రెండుసార్లు రిపేరు అయిందట.

మొదటిసారి శ్రీరామనవమికి వారం ముందు తెచ్చారు. గుడి వ్యవహారాలు చూసే పెద్దాయన ఆటోలో ఒళ్లో పెట్టుకుని తెచ్చాడు. "నాయనా, ఈ చివరిది ఊరికే తిరగతా ఉండాది. పట్టుకుంటే గరగర, వదిలేస్తే గమ్మునుంటది. పండగ రోజు పరువు పోకుండా చూడు" అన్నాడు. "నేను చూస్తాలే పెద్దాయనా, రేపు సాయంత్రం రా" అన్నాను.

చివరిది అంటే మాస్టర్. వేలితో లాగితే నాబ్ చేతిలోకి వచ్చేసింది. లోపల మడిచి కూరిన అట్టముక్క ఉంది, అగరుబత్తి పెట్టె అట్ట. వాసన ఇంకా పోలేదు. నాబ్ లోపలి పళ్లు అరిగి, అది తొడిగే షాఫ్టు (కడ్డీ) మీద జారిపోతుంటే ఎవరో బిగువు కోసం పెట్టారు. నేను అట్ట తీసేశాను, కంట్రోల్ (నాబ్ తిప్పితే లోపల తిరిగి సౌండు మార్చే భాగం, పొటెన్షియోమీటర్) వెనక సందులోంచి కాంటాక్ట్ క్లీనర్ కొట్టాను, ఇరవై ముప్పైసార్లు అటూ ఇటూ తిప్పాను, పది నిమిషాలు ఆరనిచ్చి కొత్త నాబ్ పెట్టాను. పాట పెట్టి చూస్తే బ్రహ్మాండంగా ఉంది. నూట యాభై తీసుకుని పంపించేశాను.

రెండోసారి వినాయక చవితికి. ఈసారి గరగరతో పాటు ఇంకోటి. మధ్యలో ఉన్నట్టుండి ఫుల్ సౌండ్ వచ్చేస్తోందట, ఎంత తగ్గించినా తగ్గదట. మూత తీసి చూస్తే కారణం కంటికే కనిపించింది. మాస్టర్ కంట్రోల్ మూడు కాళ్లలో గ్రౌండ్ కాలు చుట్టూ లెడ్ (అతికిన టంకం) పగిలి వెంట్రుకంత నల్లటి గీత ఉంగరంలా ఉంది. వాల్యూమ్ కంట్రోల్ చేసే పనల్లా వచ్చిన సిగ్నల్‌లో కొంత గ్రౌండుకు వదిలి మిగతాది ముందుకు పంపడం. గ్రౌండ్ కాలు ఊడితే వదలడానికి దారి ఉండదు. మొత్తం ముందుకే పోతుంది. మైకు దగ్గర నిలబడ్డవాడికి గుండె జారిపోతుంది, హారన్ యూనిట్ కాలిపోయే ప్రమాదం కూడా ఉంది.

కంట్రోల్ మీద బి50కె అని ఉంది. 50కె అంటే 50 కిలోఓమ్‌ల రెసిస్టెన్స్, బి సంగతి తర్వాత చెబుతాను. షాపులో అదే నంబరు ఉంది. పాతది పీకేసి కొత్తది వేశాను, లెడ్ బాగా పట్టేలా కాల్చాను, నాబ్ మళ్లీ మార్చాను. పాట పెట్టి చూశాను. బాగుంది. సరిగ్గా ఇక్కడే నేను చేసిన రెండు తప్పులు ఉన్నాయి. ఒకటి, నంబరు చూసి నంబరు వేయడం. రెండు, పాట పెట్టి పరీక్షించడం. ఎందుకో కింద చెబుతాను.

కార్తీకం అయిపోయి ధనుర్మాసం ఇంకో పది రోజుల్లో మొదలవుతుందనగా మూడోసారి వచ్చింది. ఈసారి నాబ్‌ను గమ్ముతో షాఫ్టుకు అంటించేశారు. గమ్ము కారి పలకకు కూడా అంటుకుంది. పెద్దాయన కోపంగా ఏమీ అనలేదు. "కొత్తదే ఏశావు గదా నాయనా, మళ్లీ అదే గరగర వస్తా ఉండాది. మా ఊరి గాలే అంతేమో" అన్నాడు. ఆ మాట నాకు గుచ్చుకుంది. మూడు నెలల్లో ఒక కొత్త కంట్రోల్ పాడవడానికి గాలి ఒక్కటే కారణం కాదు. ఆ రోజు మిగతా పనులన్నీ పక్కన పెట్టాను.

పలకను చదవడం

ఈసారి ముందు స్క్రూడ్రైవర్ ముట్టుకోలేదు. ముందు పలకను వెలుతురులో పెట్టి ఎనిమిది నాబులనూ వరసగా చూశాను. నాబ్ అరుగుదల అనేది ఆ సెట్టును ఎవరు, ఎలా, ఎందుకు వాడుతున్నారో చెప్పే సాక్ష్యం. బాస్, ట్రెబుల్ నాబుల మీద దుమ్ము పేరుకుని ఉంది, తెల్ల గీతలు కొత్తవాటిలా ఉన్నాయి. అంటే వాటిని ఎవరూ ముట్టుకోవడం లేదు. మైకు 1 నాబ్ గీత కొంచెం మసకబారింది. మైకు 2, 3, 4 బాగానే ఉన్నాయి. మాస్టర్ నాబ్ నేను చవితికి వేసిన కొత్తది. దాని గీత అప్పుడే పూర్తిగా చెరిగిపోయింది. అంచు మీది గరుకు గాట్లు కూడా నున్నబడ్డాయి.

మూడు నెలల్లో అంత అరగాలంటే రోజుకు రెండుసార్లు తిప్పితే చాలదు. ఎవరో దాన్ని పట్టుకుని అదేపనిగా అటూ ఇటూ ఆడిస్తున్నారు. ఎందుకు ఆడిస్తారు? గరగర పోతుందేమోనని. మనమందరం చేసేదే, శబ్దం వస్తే నాలుగుసార్లు గిరగిరా తిప్పి చూస్తాం, కాసేపు ఆగుతుంది, మళ్లీ వస్తుంది. అంటే నాబ్ అరిగినందువల్ల గరగర రావడం లేదు. గరగర వల్ల నాబ్ అరుగుతోంది. నేను రెండుసార్లు తలకిందులుగా ఆలోచించాను.

గమ్మును బ్లేడుతో గీకి నాబ్ ఊడదీశాను. మొదటిసారి తీసేసిన పాత నాబ్ నా డబ్బాలో ఇంకా ఉంది, దాన్నీ పక్కన పెట్టుకుని భూతద్దంతో లోపల చూశాను. రెండింటిలోనూ పళ్లు ఒకే వైపుకు ఒరిగిపోయి ఉన్నాయి, గాలివానకు వరి ఒరిగినట్టు. రెండు వైపులా తిప్పి తిప్పి అరిగితే పళ్లు గుండ్రంగా అరగాలి. ఒకే వైపు ఒరిగాయంటే బలమంతా ఒకే దిక్కున పడింది. షాఫ్టుకు పెట్టి చూస్తే అది తగ్గించే దిక్కు. కంట్రోల్ సుమారు 300 డిగ్రీలు తిరిగి సున్నా దగ్గర ఆగిపోతుంది. అక్కడ ఆగాక కూడా ఎవరో ఇంకా తగ్గించాలని నొక్కి తిప్పుతున్నారు. గీత చెరిగిపోయింది కాబట్టి సున్నాకు వచ్చామని వాళ్లకు తెలియడం లేదు. ఆ బలానికి ముందు నాబ్ పళ్లు పోయాయి. అట్ట పెట్టో, గమ్ము పెట్టో పళ్లను గట్టిచేస్తే బలం షాఫ్టుకు, షాఫ్టు నుంచి కంట్రోల్ ఒంటికి, అక్కడి నుంచి బోర్డు మీది మూడు కాళ్లకు పోయింది. చవితికి లెడ్ పగిలింది అందుకే.

అప్పుడు మూత తీశాను. అనుకున్నట్టే కంట్రోల్ నట్టు లూజుగా ఉంది, ఒళ్లంతా ఆడుతోంది. కంట్రోల్ ముందు వైపు ఒక చిన్న రేకు చెవి ఉంటుంది. పలకలో దానికొక చిల్లి ఉంటుంది. చెవి ఆ చిల్లిలో కూర్చుంటే కంట్రోల్ తిరగదు. పాత మెకానిక్ ఎవరో ఆ చెవిని అడ్డమని వంచేశారు. చవితికి నేను వేసినదానికి కూడా, చిల్లి దానికి కుదరక, నేనే వంచేశాను. ఇది చాలా షాపుల్లో జరిగేదే. దయచేసి చెవి వంచకండి. చిల్లి కుదరకపోతే మూడు మిల్లీమీటర్ల బిట్టుతో కొత్త చిల్లి వేయండి, రెండు నిమిషాల పని.

పాట ఆపి తిప్పడం

ఇక గరగర సంగతి. ప్లేయర్ తీసేశాను, మైకులన్నీ పీకేశాను, మిగతా నాబులన్నీ సున్నాలో పెట్టాను. లోపలికి ఏ సిగ్నలూ లేదు. అప్పుడు మాస్టర్‌ను మెల్లగా తిప్పాను. టేబుల్ స్పీకర్‌లోంచి బరబరమని వచ్చింది, పొడి ఆకుల మీద నడిచినట్టు.

ఈ పరీక్ష అందరూ గుర్తుంచుకోవాలని కోరుతున్నాను. కంట్రోల్ లోపల కార్బన్ దారి ఒకటి, దాని మీద జారే చిన్న రేకు ఒకటి ఉంటాయి. దారి మీద దుమ్మో చిలుమో ఉంటే రేకు తిరిగేటప్పుడు క్షణంపాటు దారి వదిలేస్తుంది. పాట పోతుంటే ఆ క్షణంలో పాట తెగి చప్పుడు వస్తుంది. సిగ్నలే లేనప్పుడు తెగడానికి ఏముంది? దాదాపు నిశ్శబ్దంగా ఉండాలి. సిగ్నల్ లేకుండా కూడా గట్టిగా గరగరమంటే ఆ దారి మీద డీసీ వోల్టేజీ (పాటలా ఊగకుండా ఒకే తీరున నిలిచి ఉండేది) కూర్చుని ఉందన్నమాట. రేకు దారిని వదిలిన ప్రతిసారీ ఆ వోల్టేజీ ఎగిరి పడుతుంది, అదే మనకు వినిపిస్తుంది. నేను రెండుసార్లూ పాట పెట్టి పరీక్షించాను. కొత్త కంట్రోల్‌లో ఆ చప్పుడు సన్నగా ఉండి పాట కింద దాగిపోయింది.

మీటర్‌ను డీసీలో పెట్టి, నల్ల ప్రోబ్ సెట్టు రేకు చట్రం, అంటే చాసిస్‌కు తగిలించి, ఎర్రది మాస్టర్ పై కాలికి, అంటే సిగ్నల్ లోపలికి వచ్చే కాలికి పెట్టాను. 0.71 వోల్టులు. మైకు 1 కంట్రోల్ దగ్గర అదే చోట చూస్తే సున్నా. జబ్బు దొరికింది.

మాస్టర్‌కు ముందు ఒక ట్రాన్సిస్టర్ ఉంది. కలెక్టర్ అనే దాని కాలు దగ్గర 11 వోల్టులుంటాయి. అక్కడి నుంచి మాస్టర్‌కు వచ్చే దారిలో 10 మైక్రోఫారడ్ ఎలక్ట్రోలిటిక్ కండెన్సర్ ఒకటి అడ్డం ఉంటుంది. పాటను పోనిచ్చి డీసీని ఆపడమే దాని ఉద్యోగం. చెరువు కట్ట కింద చెమ్మ దిగినట్టు ఇందులోంచి డీసీ సన్నగా కారుతోంది. 50 కిలోఓమ్‌ల మీద 0.7 వోల్టులంటే 14 మైక్రోయాంపులు. చాలా చిన్న సంఖ్య, కండెన్సర్ ఉబ్బలేదు, పగలలేదు, కంటికి కొత్తదానిలాగే ఉంది. కెపాసిటీ మీటర్‌లో పెట్టినా 10 దగ్గరే చూపించింది. కారడం అనేది ఆ మీటర్‌కు తెలియదు. ఇలాంటి కండెన్సర్లు వేడికి పాడవుతాయి, వాడకుండా నెలల తరబడి పడి ఉన్నా లోపలి ఆక్సైడ్ పొర బలహీనపడి కారుతాయి. గుడి సెట్టు పండగలప్పుడు వేడెక్కుతుంది, పండగకూ పండగకూ మధ్య వాడకుండా బీరువాలోనే ఉంటుంది. రెండు కారణాలూ ఇక్కడున్నాయి.

కరెంటు ఉండగా కొలిచే పని కాబట్టి ఒక మాట. ఒక చెయ్యి వెనక్కి పెట్టుకుని ఒక చేత్తోనే ప్రోబ్ పట్టండి. 100 వోల్టుల లైను టెర్మినళ్ల జోలికి వెళ్లకండి, సౌండు ఎక్కువున్నప్పుడు అవి షాక్ కొడతాయి. ప్లగ్గు తీసేశాక కూడా పెద్ద ఫిల్టర్ కండెన్సర్లలో కరెంటు నిలిచి ఉంటుంది. రెసిస్టర్ ద్వారా దించాకే సోల్డరింగ్ ఐరన్ పెట్టండి.

పాత కంట్రోళ్ల లోపల

మాస్టర్ పీకేసి ముల్లు మీటర్‌తో కొలిచాను. డిజిటల్ మీటర్ వచ్చాక ముల్లు మీటర్లను అందరూ మూలన పడేశారు గానీ ఈ పనికి దాన్ని మించింది లేదు. నడి కాలికి, ఒక చివరి కాలికి పెట్టి మెల్లగా తిప్పితే ముల్లు నీళ్లలో పడవలా సాఫీగా పోవాలి. సున్నా నుంచి పావు వంతు తిరిగే లోపల ఒకచోట ముల్లు రెండుసార్లు ఉలిక్కిపడింది. డిజిటల్‌లో అంకెలు మారుతూనే ఉంటాయి కాబట్టి ఆ ఉలికిపాటు కనబడదు.

కంట్రోల్ రేకు చెవులు ఎత్తి లోపల తెరిచాను. చవితికి పీకిన పాతదాన్ని కూడా తెరిచాను. రెండూ పక్కపక్కన పెడితే నాకు మాట రాలేదు. కార్బన్ దారి మీద రేకు నడిచిన జాడ పొడవునా సన్నగా ఉంది, ఒక్కచోట మాత్రం మూడు నాలుగు మిల్లీమీటర్ల మేర అద్దంలా మెరుస్తోంది. రెండింటిలోనూ అదే చోట. గడియారంలో చెప్పాలంటే తొమ్మిదికీ పదికీ మధ్య. ఈ కంట్రోల్ జీవితమంతా ఆ చిన్న ముక్కలోనే గడిచింది.

దానికి కారణం బి అనే అక్షరం. మన మార్కెట్లో దొరికే కంట్రోళ్ల మీద ఏ అంటే లాగ్ (మొదట మెల్లగా, తర్వాత వేగంగా పెరిగేది), బి అంటే లీనియర్ (తిప్పిన మేరకు సమానంగా పెరిగేది). మన చెవి సౌండును లాగ్ లెక్కలోనే వింటుంది, అందుకే వాల్యూమ్‌కు ఏ రకం వేస్తారు. అది సగం తిప్పినప్పుడు మొత్తం రెసిస్టెన్స్‌లో పది పదిహేను శాతమే వస్తుంది, అందువల్ల సౌండు మెట్టు మెట్టుగా పెరిగినట్టుంటుంది. బి రకం సగం తిప్పితే సగం వచ్చేస్తుంది. పావు తిప్పేసరికే చెవికి ఫుల్లయిపోయినట్టుంటుంది. ఈ సెట్టుకు ముందెప్పుడో ఎవరో ఏ50కె బదులు బి50కె వేశారు. పలక మీద మైకు కంట్రోళ్లన్నీ ఏ రకమే, అది చూస్తే నాకప్పుడే తెలియాల్సింది. నేను నంబరు చూసి నంబరు వేశాను. దాంతో గుడిలో పనికొచ్చే సౌండంతా ఆ మూడు మిల్లీమీటర్ల ముక్కలోనే ఇమిడిపోయింది. కొంచెం తిప్పితే చెవులు పగిలిపోతాయి, కొంచెం తగ్గిస్తే వినబడదు. చెయ్యి అక్కడే తచ్చాడుతుంది.

ఇక ఉప్పు గాలి సంగతి. పెద్దాయన మాట పూర్తిగా కాదనను. నడి కాలు రేకు మీద పచ్చటి చిలుము ఉంది, ఒంటి రేకు అంచులు తుప్పు పట్టాయి. ఇస్కపల్లి ఉప్పు కొఠార్ల వైపు నుంచి వచ్చే సెట్లలో ఇది మామూలే. కానీ ఈ చిలుము మైకు 3, మైకు 4 కంట్రోళ్లలోనూ ఉంది, అవి గరగరమనడం లేదు. ఉప్పు గాలి జబ్బును ముదరబెట్టింది, పుట్టించలేదు.

చీమకుర్తి గ్రానైట్ ఫ్యాక్టరీల దగ్గర వాడిన యాంప్లిఫైయర్ ఒకటి ఒకప్పుడు నా దగ్గరికి వచ్చింది. దాని కథ వేరు. రాతి పొడి కంట్రోళ్లలోకి దిగి గరుకు కాగితంలా కార్బన్‌ను గీకేసింది. ముద్దగా మారిన గ్రీజులో పొడి కూరుకుపోయి షాఫ్టులే బిగుసుకున్నాయి. అక్కడ స్ప్రే కొడితే పొడి ఇంకా లోపలికి పోతుంది. ముందు గాలి కొట్టి దులపాలి, చాలావరకు మార్చాల్సిందే. ఒకే కంప్లయింటు, ఊరిని బట్టి కారణం మారుతుంది.

గుడికి వెళ్లి చూడటం

ఇంత తెలిశాక కూడా ఒకటి అర్థం కాలేదు. సున్నా దాటి అంత బలంగా ఎందుకు తిప్పుతారు? గీత చెరిగినా, ఆగిపోయిందని చేతికి తెలుస్తుంది కదా. మర్నాడు తెల్లవారకముందే బండి మీద ఆ ఊరు వెళ్లాను. నా రిపేరు బతుకులో సెట్టు ఉండే చోటు చూడటానికి వెళ్లిన సందర్భాలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఇప్పుడు తరచు వెళ్తున్నాను.

గర్భగుడి పక్క గదిలో చిన్న బీరువా, అందులో కింది అరలో యాంప్లిఫైయర్ స్థానం, మోకాలి ఎత్తున. గదికి ఒకటే బల్బు, అదీ నిలబడ్డ మనిషి వీపు వెనక. వంగి చెయ్యి పెడితే చేతి నీడ సరిగ్గా పలక మీదే పడుతుంది. రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా లౌడ్ స్పీకర్ వాడకూడదని నిబంధన ఉంది కాబట్టి ఆరు కొట్టాకే వేస్తారు. డిసెంబరులో ఆరింటికి మా దగ్గర ఇంకా చీకటే. అయ్యవారు ఒక చేత్తో తీర్థం చెంబు పట్టుకుని, తడి వేళ్లతో రెండో చేత్తో నాబ్ తడుముతారు. "హారన్లు ఒక్కసారిగా మోగితే పసిపిల్లలు ఉలిక్కిపడి లేస్తారు, అందుకని ముందు బాగా తగ్గించి, అప్పుడు స్విచ్ వేస్తాం" అన్నారు. చూడకుండా, అంచనాతో, భయంతో తగ్గిస్తారు. ఎంత తగ్గిందో కనబడదు కాబట్టి ఇంకొంచెం, ఇంకొంచెం. ఆ భయమే పళ్లను వంచింది. చవితికి ముందు సౌండు ఉన్నట్టుండి ఫుల్లయిందాయె, ఆ తర్వాత ఎవరికి మాత్రం ధైర్యం ఉంటుంది?

చేసిన రిపేరు

ముందు కండెన్సర్. 10 మైక్రో ఎలక్ట్రోలిటిక్ తీసేసి దాని చోట 1 మైక్రోఫారడ్ 63 వోల్టుల పాలిస్టర్ వేశాను. కెపాసిటీ పదో వంతే కదా, బాస్ తగ్గదా అని మా కుర్రాడు అడిగాడు. 50 కిలోఓమ్‌లకు 1 మైక్రో వేస్తే కోత పడేది 3 హెర్ట్జ్ దగ్గర. మనిషి చెవి 20 హెర్ట్జ్ నుంచే వింటుంది, హారన్లు ఆ దరిదాపుల్లోకి కూడా రావు. పాలిస్టర్ ఎండిపోదు, ఇలా కారదు. వేశాక మాస్టర్ పై కాలి దగ్గర డీసీ 2 మిల్లీవోల్టులు. సిగ్నల్ లేకుండా తిప్పితే నిశ్శబ్దం.

తర్వాత కంట్రోల్. ఏ50కె, ఆరు మిల్లీమీటర్ల షాఫ్టు, ఒక పక్క చదునుగా చెక్కినది కావాలి. మా దగ్గర దొరకలేదు, చెన్నై రిచ్చీ స్ట్రీట్ నుంచి తెప్పించాను. రావడానికి రెండు రోజులు పట్టింది. అంత టైము లేనివాళ్లకు ఒక ఉపాయం ఉంది. బి50కె వేసి, నడి కాలికీ గ్రౌండ్ కాలికీ మధ్య 6.8 కిలోఓమ్‌ల రెసిస్టర్ కలిపితే నడక చాలావరకు లాగ్‌లా మారుతుంది. మాస్టర్‌కు ముందున్న ట్రాన్సిస్టర్ స్టేజీ మీద లోడు పెరుగుతుంది, కాబట్టి దాన్ని తాత్కాలికంగానే వాడతాను.

కొత్తదాన్ని బోర్డులో గుచ్చలేదు. పలకకు బిగించి, బోర్డుకు మూడు పొట్టి వైర్లు వేశాను. ఎవరు ఎంత బలంగా తిప్పినా ఆ బలం పలక మోస్తుంది, లెడ్ మీద పడదు. చెవి కూర్చోవడానికి పలకలో చిల్లి వేశాను, స్టార్ వాషర్ పెట్టి 10 నంబరు స్పానర్‌తో నట్టు బిగించాను.

నాబ్ విషయంలో ఎక్కువ సేపు ఆలోచించాను. పళ్ల నాబులు, అంటే షాఫ్టు మీద గాట్లు ఉండి నొక్కితే కూర్చునేవి, 18 పళ్లవీ 24 పళ్లవీ రెండు రకాలున్నాయి. చూపుకు ఒకేలా ఉంటాయి, ఒకదాని మీద ఒకటి బలవంతాన ఎక్కుతాయి కూడా, కానీ మొదటి రోజు నుంచే పళ్లు నలుగుతాయి. పాత సెట్లలో పావు అంగుళం, అంటే 6.35 మిల్లీమీటర్ల షాఫ్టులు వస్తాయి. ఆ నాబ్ ఆరు మిల్లీమీటర్ల షాఫ్టుకు పెడితే ఊగుతుంది. ఇక్కడ పళ్ల గొడవే వద్దనుకుని లోపల ఇత్తడి బుష్, పక్కన చిన్న మర ఉన్న నాబ్ తీసుకున్నాను. మర సరిగ్గా షాఫ్టు చదును మీద కూర్చోవాలి, గుండ్రం మీద బిగిస్తే వారంలో జారుతుంది. బిగించే ముందు నాబ్‌కూ పలకకూ మధ్య ఒక శుభలేఖ అట్ట పెట్టాను. బిగించాక అట్ట లాగేస్తే ఆ మందాన సందు మిగులుతుంది. అలా చేయకపోతే నాబ్ పలకను రాసుకుని, బిగుతుగా ఉందని జనం ఇంకా బలంగా తిప్పుతారు.

గీత కోసం రంగును నమ్మలేదు. నాబ్ అంచు నుంచి మధ్య దాకా మూడంచుల ఆకురాయితో లోతుగా గాడి కోశాను, వేలికి తగిలేటంత. గాడిలో తెల్ల ఎనామిల్ నింపి పైన తుడిచేశాను. రంగు పోయినా గాడి పోదు. పలక మీద సున్నా దగ్గర ఒక చుక్క, గుడికి సరిపోయే సౌండు దగ్గర ఒక చుక్క లెడ్‌తో ఉబ్బెత్తుగా చేసి అంటించాను. రెండో చుక్క ఎక్కడ పెట్టాలో షాపులో తేల్చలేదు. సెట్టును గుడికి తీసుకెళ్లి బిగించాక, పెద్దాయన వీధి చివర నిలబడి ఫోనులో చెబుతుంటే, అయ్యవారు తిప్పుతుంటే, ఆయన "చాలు, చాలు" అన్న చోట పెట్టాను. గడియారంలో పన్నెండుకు కొంచెం ఇటుగా వచ్చింది. ఏ రకం కంట్రోల్ వేసిన ఫలితం అదే, ఇప్పుడు చేతికి ఆడటానికి చోటుంది.

బల్బు కూడా ముందుకు మార్పించాను. దాన్ని రిపేరు లెక్కలో రాయలేదు. సామాన్లన్నీ కలిపి రెండొందలు దాటలేదు. మొదటి రెండుసార్లు తీసుకున్న డబ్బులో ఇది మినహాయించుకోమని పెద్దాయనకు చెప్పాను. ఆయన ఒప్పుకోలేదు, నేనూ తగ్గలేదు. చివరికి చేపల బుట్ట ఒకటి షాపుకు పంపించాడు.

నాబ్ కంప్లయింటుతోనే వచ్చే ఇంకో రెండు రకాల సెట్ల గురించి ఒక్క మాట, కంగారు పడకుండా ఉండటానికి. కారు స్టీరియోల్లో, హోమ్ థియేటర్లలో ఆగకుండా గుండ్రంగా తిరిగే నాబ్ ఉంటుంది. అది వాల్యూమ్ కంట్రోల్ కాదు, ఎన్‌కోడర్, అంటే ఎటు ఎంత తిప్పామో సెట్టుకు చెప్పేది. దాని దారి మీద పాట ఉండదు, కాబట్టి అక్కడ గరగర రాదు. దాని జబ్బు వేరు, పెంచితే తగ్గుతుంది, అంకెలు ఎగిరి దూకుతాయి. పై పరీక్షలు దానికి పనికిరావు, లోపలి కాంటాక్టులు శుభ్రం చేయాలి లేదా మార్చాలి. రెండోది, రబ్బరు పూత ఉన్న నాబులు మన తేమకు కొన్నేళ్లలో జిగటగా తయారవుతాయి. లోపల ఏ జబ్బూ ఉండదు. నాబ్ ఊడదీసి ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో ఆ పూత మొత్తం తుడిచేస్తే కింద గట్టి ప్లాస్టిక్ బయటపడుతుంది. పెట్రోలు మాత్రం వాడకండి, ప్లాస్టిక్‌ను తినేస్తుంది. కుట్టుమిషన్ నూనె కంట్రోల్‌లో పోయడం ఇంకా మానలేదు కొందరు. రెండు రోజులు గమ్మునుంటుంది, తర్వాత దుమ్మంతా ఆ నూనెకు అంటి బురదవుతుంది.

ఉగాదికి ఆ సెట్టు మళ్లీ షాపుకొచ్చింది. మైకు వైరు తెగింది, దానితో పాటు సెట్టును కూడా ఒకసారి చూడమని తెచ్చారు. వైరు అతికించి, అడగకపోయినా మాస్టర్ నాబ్ మర విప్పి చూశాను. షాఫ్టు చదును మీద మర నొక్కిన గుర్తు ఒకే ఒక్క చోట ఉంది, జారిన గీత లేదు. డీసీ 2 మిల్లీవోల్టుల దగ్గరే ఉంది. గాడిలో తెల్ల రంగు సగానికి పైగా పోయింది, దాని నిండా కుంకుమ పట్టి ఉంది. తుడవబోతే పెద్దాయన చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఉండనీ నాయనా, అయ్యోరికి చీకట్లో అదే దారి."